లాకులు బాగుచేస్తే కాలువల్లో పడవలు మళ్లీ తిరుగుతాయా?

ఆత్రేయపురం పక్కన లొల్ల లాకుల దగ్గరికి సెలవు రోజున వెళ్తే జనం కనిపిస్తారు. ఫొటోలు దిగుతారు, నీళ్లు దూకే చప్పుడు వింటూ కాసేపు కూర్చుంటారు, పూతరేకులు కొనుక్కుని ఇంటిదారి పడతారు. లాకు అనే మాట పడవ కోసం పుట్టిందని ఆ వచ్చినవాళ్లలో ఎంతమందికి గుర్తుందో మరి. మా తాతగారి తరంలో పెళ్లివారు పడవెక్కి తరలివెళ్లిన కాలువలివి.

కాకినాడ నుంచి పుదుచ్చేరి దాకా పాత కాలువలను, వాటితో పాటు గోదావరి, కృష్ణా నదుల్లో కొంత భాగాన్ని కలిపి 2008లో కేంద్రం 4వ జాతీయ జలమార్గంగా ప్రకటించింది. అప్పటి నుంచి కొన్నేళ్లకోసారి "పడవలు మళ్లీ వస్తున్నాయి" అనే వార్త వస్తూనే ఉంది. వార్త రాగానే రెండు మాటలు వినిపిస్తాయి. "తుప్పుపట్టిన తలుపులు మారిస్తే చాలు కదా" అనేది ఒకటి. "పడవలకి నీళ్లిస్తే మా చేలు ఎండిపోతాయి" అనేది రెండోది. రెండింటిలోనూ కొంత నిజం ఉంది, కొంత పొరపాటు ఉంది. అదెంతో తేలాలంటే లాకు ఎలా పనిచేస్తుందో ముందు చూడాలి.

మనం "లాకులు" అనేది దేన్ని?

డెల్టాలో కాలువకి అడ్డంగా ఏ కట్టడం ఉన్నా దాన్ని లాకులు అనేస్తాం. నిజానికి ఆ చోట సాధారణంగా రెండు వేర్వేరు కట్టడాలు పక్కపక్కనే ఉంటాయి. ఒకటి రెగ్యులేటర్. షట్టర్లు పైకెత్తి, కిందికి దించి నీళ్లు ఎన్ని వదలాలో చూసేది అదే. రెండోది, పక్కగా రెండు గోడల మధ్య పొడవుగా ఉండే గది. రెండు చివర్లా తలుపులుంటాయి. అసలు లాకు ఈ గదే. మొదటిది రైతు కోసం కట్టింది, రెండోది పడవ కోసం. రైతుది ఇప్పటికీ పనిచేస్తోంది. పడవది చాలాచోట్ల పూడిపోయింది, లేదంటే దాని నోటికి అడ్డంగా గోడ కట్టేశారు.

ఆనకట్ట, బ్యారేజీ అనే మాటల్ని కూడా ఒకదాని బదులు ఒకటి వాడేస్తుంటాం. ఆనకట్ట అంటే నదికి అడ్డంగా కట్టిన గట్టి గోడ. నీరు దాని ఎత్తు దాటితే పైనుంచి పొర్లిపోతుంది. బ్యారేజీకి గేట్లుంటాయి, వాటితో నీటిమట్టాన్ని మన చేతుల్లో ఉంచుకోవచ్చు. ధవళేశ్వరంలో 1852లో పూర్తయింది ఆనకట్ట. ఇప్పుడు అక్కడున్నది 175 గేట్ల కాటన్ బ్యారేజీ. విజయవాడలోనూ ఇంతే. 1855 నాటి ఆనకట్ట 1952లో తెగిపోయాక ప్రకాశం బ్యారేజీ కట్టారు. 1957 నుంచి అదే పనిచేస్తోంది.

ఆనకట్ట పడవకి అడ్డమే, అయినా అది లేనిదే పడవ నడవదు. వేసవిలో నదిలో ఇసుక తేలిన చోట మోకాల్లోతు కూడా ఉండదు. కింద ఆనకట్ట కడితే దాని వెనక నీరు నిలిచి లోతు వస్తుంది. ఆ లోతులో హాయిగా వచ్చిన పడవ ఆనకట్ట దగ్గర ఆగిపోతుంది, ఎందుకంటే అవతల నీరు కొన్ని అడుగుల కిందుంది. ఆ మెట్టు దిగడానికే లాకు.

పడవ మెట్టు దిగడం, ఎక్కడం

పడవ ఎగువ నుంచి వచ్చిందనుకోండి. ముందు గదిలో నీటిని ఎగువ మట్టానికి నింపుతారు. ఎగువ తలుపులు తెరుస్తారు, పడవ లోపలికి వస్తుంది, తలుపులు మూస్తారు. తర్వాత దిగువ తలుపుల్లో ఉండే చిన్న తూము తీస్తారు. గదిలో నీరు మెల్లగా దిగువకి జారుతుంది, దాంతోపాటే పడవా దిగుతుంది. లోపలి మట్టం, దిగువ మట్టం సమానమయ్యాక దిగువ తలుపులు తెరిస్తే పడవ బయటికి వెళ్లిపోతుంది. ఎక్కేటప్పుడు ఇదే పని తిరగేసి చేస్తారు. మోటారు లేదు, పంపు లేదు. నీటి బరువే పని చేస్తుంది.

ఆ తలుపుల అమరిక నాకు ఎప్పుడూ ముచ్చటగా ఉంటుంది. రెండు తలుపులూ మూసినప్పుడు తిన్నగా ఒక గీతలో ఉండవు. వాటి కొన ఎగువ వైపు పొడుచుకొచ్చి చేతులు జోడించినట్టు ఉంటాయి. ఎగువ నీరు ఎంత గట్టిగా నెడితే అవి అంత బిగుసుకుంటాయి. మట్టాలు సమానం కాకముందు పదిమంది పట్టి లాగినా కదలవు. సమానమయ్యాక ఒకరిద్దరు లస్కర్లు, అంటే లాకు దగ్గర పనిచేసేవాళ్లు, తోస్తే చాలు.

ఒకే కాలువకి రెండు పనులు

ఆర్థర్ కాటన్ కాలువలు తవ్వించింది సాగు కోసం ఒక్కటే కాదు. రైళ్లకి పెట్టే డబ్బు జలమార్గాలకి పెడితే దేశానికి ఎక్కువ మేలు జరుగుతుందని ఆయన జీవితాంతం వాదించాడు. 1878లో బ్రిటిష్ పార్లమెంటు కమిటీ ముందు కూడా అదే మాట చెప్పాడు. అందుకే డెల్టా కాలువలకి తల దగ్గర తూములతో పాటు లాకులూ కట్టారు.

దీనికి మంచి ఉదాహరణ ఏలూరు కాలువ. విజ్జేశ్వరం దగ్గర గోదావరి నుంచి ఒక కాలువ బయల్దేరి నిడదవోలు, తాడేపల్లిగూడెం మీదుగా ఏలూరు వస్తుంది. విజయవాడ దగ్గర కృష్ణ నుంచి ఇంకో కాలువ బయల్దేరి అదే ఏలూరికి వస్తుంది. అంటే రెండు నదుల నీళ్లూ ఏలూరు వైపుకే దిగుతాయి. రాజమండ్రిలో ఎక్కిన సరుకు ఏలూరు దాకా లాకు లాకుకీ దిగుతూ వచ్చి, అక్కడి నుంచి విజయవాడ దాకా లాకు లాకుకీ ఎక్కుతూ వెళ్లాలి. విజయవాడ దాటాక కొమ్మమూరు కాలువ పట్టుకుంటే దుగ్గిరాల మీదుగా పెదగంజాం చేరవచ్చు. అక్కడ బకింగ్‌హాం కాలువ అందుకుంటుంది. ఆ కాలువలో మొదటి ముక్క 1806లో మద్రాసు దగ్గర మొదలైంది. 1876-78 నాటి పెద్ద కరవులో కూలి పనుల కింద దాన్ని ఇంకా తవ్వించారు. అప్పటి గవర్నరు బకింగ్‌హాం డ్యూక్ పేరే దానికి స్థిరపడింది. నెల్లూరు వైపు నుంచి సరుగుడు కట్టెలు, ఉప్పు ఆ దారినే మద్రాసు వెళ్లేవి.

చిక్కు మొదటి నుంచీ ఉంది. సాగుకి నీరు పారాలి, పడవకి నీరు నిలవాలి. సెకనుకి 0.8 మీటర్ల వేగంతో పారే కాలువ అంటే గంటకి సుమారు 3 కిలోమీటర్లు. గంటకి 8 కిలోమీటర్లు నడిచే పడవ ఆ పారుదలకి ఎదురెళ్తే దాని నడక 5కి పడిపోతుంది, వాలుకి వెళ్తే 11 అవుతుంది. పైగా వేసవిలో మరమ్మతులకని దాదాపు రెండు నెలలు కాలువలకి నీరు కట్టేస్తారు. దాళ్వాకి (రబీ వరికి) నీరు చాలనప్పుడు వంతులవారీగా వదులుతారు. వంతు కాని రోజుల్లో కాలువలో మట్టం పడిపోతుంది. సరుకు రవాణా చేసేవాడికి కావాల్సింది ఏడాది పొడుగునా నమ్మకం. డెల్టా కాలువ అది ఎప్పుడూ పూర్తిగా ఇవ్వలేదు.

పడవలు ఎలా వెళ్లిపోయాయి

1893లో కృష్ణ మీద, 1900లో గోదావరి మీద రైలు వంతెనలు వచ్చాయి. మద్రాసు, విజయవాడ, రాజమండ్రి రైలు దారిలో కలిసిపోయాయి. దూరపు సరుకు ముందు వెళ్లిపోయింది. దగ్గర సరుకు చాలాకాలం పడవల్లోనే తిరిగింది. లారీలొచ్చాక అదీ పోయింది. బకింగ్‌హాం కాలువను 1965-66 తుపాన్లు గట్టిగా దెబ్బతీశాయి.

పడవలు పోయాక జరిగిందే అసలు సంగతి. ఇక పడవలు రావని అందరూ అనుకోవడంతో దానికి తగ్గట్టే అన్నీ కట్టుకున్నాం. కాలువ మీద కొత్త వంతెనలు తక్కువ ఎత్తులో వేశాం. గట్ల మీద ఇళ్లు, కొట్లు వెలిశాయి. పంపు పైపులు, తాగునీటి గొట్టాలు అడ్డంగా వేశాం. ఊరి మురుగు కాలువలోకి తిప్పాం, ఆ ఎరువుకి గుర్రపుడెక్క పేరుకుంది. చెన్నైలో అయితే రైలు మార్గం స్తంభాలు బకింగ్‌హాం కాలువలోనే నిలబడ్డాయి.

లాకు ఎంత నీరు తాగుతుంది?

ఇప్పుడు రైతు భయం దగ్గరికి వద్దాం. లెక్క వేసుకోవడానికి వీలుగా 45 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పు ఉన్న లాకు అనుకుందాం. ఎగువకీ దిగువకీ తేడా 2 మీటర్లు. ఒకసారి గది నిండి ఖాళీ అయితే 45 x 6 x 2, అంటే 540 ఘనపు మీటర్ల నీరు కిందికి దిగుతుంది. లీటర్లలో 5 లక్షల 40 వేలు. వినడానికి చాలా పెద్ద అంకె.

ఒక ఎకరం వరికి పంటకాలంలో 1,200 మిల్లీమీటర్ల నీరు కావాలనుకుంటే అది సుమారు 4,850 ఘనపు మీటర్లు. అంటే తొమ్మిదిసార్లు లాకు నింపితే ఒక ఎకరం పంట నీరు. రోజుకి 20 సార్ల చొప్పున ఏడాదిలో 300 రోజులు లాకు తిప్పితే 32 లక్షల 40 వేల ఘనపు మీటర్లవుతుంది. టీఎంసీల్లో చెబితే 0.11. సుమారు 670 ఎకరాల పంటకి సరిపోయే నీరు. గోదావరి డెల్టా ఆయకట్టు 10 లక్షల ఎకరాలు.

ఈ లెక్కలో ఇంకో ముఖ్యమైన సంగతి ఉంది. లాకులోంచి దిగిన నీరు ఎక్కడికీ పోదు. అదే కాలువలో దిగువ రైతుకే చేరుతుంది. పూర్తిగా పోయేది సముద్రం పక్కనున్న చివరి లాకు దగ్గర మాత్రమే. కాబట్టి పడవ దాటడం వల్ల నీళ్లు అయిపోతాయనే భయానికి ఆధారం తక్కువ.

మరి నీరు నిజంగా పోయేదెక్కడ? సరిగ్గా మూసుకోని తలుపుల దగ్గర. తలుపుల మధ్య ఒక్క సెంటీమీటరు సందు ఉండి, 2 మీటర్ల ఎత్తున నీరు దాన్ని నెడుతుంటే సెకనుకి సుమారు 50 లీటర్లు కారిపోతాయి. రోజుకి 4,300 ఘనపు మీటర్లు, అంటే ఎనిమిదిసార్లు లాకు నింపినంత. ఒక్క పడవ దాటకుండానే! ఆ నీరూ కిందికే పోతుంది నిజమే, కానీ అడిగినవాడికి అడిగిన వేళ అందదు. మట్టం నిలవకపోతే ఎగువ పిల్లకాలువకి నీరెక్కదు. తలుపులు బాగుచేస్తే లాభం రైతుకీ ఉంది.

ఇంతమాత్రాన రైతు మాట కొట్టిపారేయలేం. ఆయన అసలు భయం లాకు నింపే నీటి గురించి కాకపోవచ్చు. పడవకి ఎప్పుడూ 2 మీటర్ల లోతు ఉంచాలంటే దాళ్వా చివర్లో, చేను దాహంతో ఉన్న రోజుల్లో, కాలువలో నీరు నిలిపి ఉంచాలి. ఆ నీరు ఎవరిది? వంతు ఎవరు నిర్ణయిస్తారు? కాలువ నీటిపారుదల శాఖది, జలమార్గం కేంద్ర సంస్థది. రెండిటి మధ్య తగువు వస్తే ఏది ముందనేది కాగితం మీద తేలకపోతే రైతు నమ్మడు. నమ్మకపోవడం తప్పూ కాదు.

తలుపులు మార్చే పని

నీరున్న చోట తలుపు మార్చడం ఎంత కష్టమో 2024 ఆగస్టులో తుంగభద్ర డ్యాం 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు అందరం టీవీల్లో చూశాం. గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడు ఆధ్వర్యంలో పారే నీటిలోనే స్టాప్‌లాగ్ దింపారు. స్టాప్‌లాగ్ అంటే గాడిలో ఒకదాని మీద ఒకటి పేర్చే అడ్డుపలకలు. లాకుకైనా పద్ధతి అదే. రెండు వైపులా అడ్డుపలకలు దించి, లోపలి నీరు తోడేసి, పూడిక తీసి, గోడల్లో ఊడిన సున్నపు పనిని సరిచేసి, గడపరాళ్లు సరిచూసి, కొత్త తలుపులు ఎక్కించాలి. కాలువలు కట్టేసిన వేసవిలో ఇది చేయగలిగిన పనే. ఇంజనీర్లకి ఇది టెన్షన్ పెట్టే విషయం కాదు.

టెన్షన్ కొలతల దగ్గర మొదలవుతుంది. జలమార్గాల వర్గీకరణలో మూడో తరగతికి ప్రమాణంగా తీసుకునే 500 టన్నుల బార్జీ (సరుకు మోసే బల్లపరుపు పడవ) 58 మీటర్ల పొడవు, 9 మీటర్ల వెడల్పు ఉంటుంది. నీటిలో 1.5 మీటర్లు మునుగుతుంది. మనం పైన అనుకున్న 45 x 6 లాకులో అది పట్టనే పట్టదు. కాటన్ కాలపు లాకులు తెరచాపతో, గెడతో, గట్టు మీద మనుషులు తాడు పట్టి లాగితే నడిచిన పడవల కోసం కట్టినవి.

అందుకే "పునరుద్ధరణ" అన్న మాట విన్నప్పుడల్లా ఏ పునరుద్ధరణ అని అడగాలి. ఉన్న లాకునే బాగుచేసి చిన్న పడవలు తిప్పడం ఒకటి. ఇది చవక, పాత కట్టడమూ నిలుస్తుంది, కానీ సరుకు రవాణాకి పనికిరాదు. పాత లాకు పక్కన పెద్దది కొత్తగా కట్టడం ఇంకొకటి. దానికి భూమి కావాలి, కాలువ వెడల్పు చేయాలి, గట్టు మీద ఇళ్లు తీయాలి. ఆ ఇళ్లలో ఉండేది ఎక్కువగా వేరే జాగా లేని పేదలే. వాళ్లకి వేరే చోటు చూపించే ఖర్చు అంచనాల్లో మొదటి వరుసలో ఉండాలన్నది నా గట్టి అభిప్రాయం. వంతెనలు ఎత్తు చేయడం దీనికి అదనం. వంద లాకులు బాగుచేసి ఒక్క వంతెన వదిలేసినా బార్జీ అక్కడే ఆగిపోతుంది.

సరుకు లెక్క ఎక్కడ గెలుస్తుంది, ఎక్కడ ఓడుతుంది

జలరవాణా చవకని చెప్పడానికి ప్రభుత్వం తరచూ చూపే లెక్క ఇది: టన్ను సరుకు కిలోమీటరు తీసుకెళ్లడానికి రోడ్డు మీద రూ.2.50, రైల్లో రూ.1.36, నీటి మీద రూ.1.06. ఒక లీటరు ఇంధనంతో లారీ 24 టన్నుల్ని, రైలు 85 టన్నుల్ని, పడవ 105 టన్నుల్ని కిలోమీటరు లాగుతాయని కూడా చెబుతారు. ఒక 500 టన్నుల బార్జీ వెళ్తే 25 టన్నుల లారీలు 20 రోడ్డు మీద తగ్గినట్టే.

తాడేపల్లిగూడెం మిల్లు బియ్యం కాకినాడ పోర్టుకి పంపాలనుకుందాం. దూరం 100 కిలోమీటర్లు అనుకుంటే లారీకి టన్నుకి రూ.250, పడవకి రూ.106. మిగిలేది రూ.144. కానీ లారీ మిల్లు గుమ్మంలో ఎక్కించుకుని పోర్టులో దించుతుంది. పడవకైతే మిల్లు నుంచి రేవుకి ఒక లారీ, రేవులో సరుకు ఎక్కించే కూలి, అవతల మళ్లీ దించే కూలి. ఈ అదనపు మోత, కూలి ఒక్కో వైపు రూ.70 అనుకుంటే రూ.140 అక్కడే పోతుంది. మిగిలేది నాలుగు రూపాయలు. నాలుగు రూపాయల కోసం ఏ మిల్లరూ లారీ వదులుకోడు.

అదే మిల్లు కాలువ గట్టునే ఉండి, అవతల సరుకు నేరుగా ఓడ దగ్గరికే వెళ్లగలిగితే లెక్క మారిపోతుంది. కాకినాడ యాంకరేజి పోర్టులో సముద్రంలో ఆగిన ఓడకి బియ్యం ఇప్పటికే బార్జీల మీద వెళ్తున్నాయి. అక్కడ బార్జీ కొత్త కాదు. దూరం పెరిగినా లెక్క మారుతుంది. 100కి బదులు 300 కిలోమీటర్లయితే మిగులు మూడింతలవుతుంది, కూలి మాత్రం అంతే ఉంటుంది. సిమెంటు, బొగ్గు, ఇసుక, ఎరువుల్లాంటి బరువైన, తొందరలేని సరుకుకి నీరు నప్పుతుంది. కడియం నర్సరీ మొక్కలకీ, చేపలకీ నప్పదు.

అందుకే కాబోలు, జలమార్గం పని 2017లో కృష్ణ మీద ముక్త్యాల నుంచి విజయవాడ దాకా 82 కిలోమీటర్ల ముక్కతో మొదలుపెట్టారు. అమరావతి కట్టడానికి కావాల్సిన బరువు సరుకు ఆ దారిన తేవాలన్నది ఆలోచన. మధ్యలో దాటాల్సిన లాకూ లేదు. 2019 తర్వాత రాజధాని పనులు ఆగిపోవడంతో ఆ సరుకు అవసరమే తగ్గిపోయింది.

విహారం కోసమైతే?

బ్రిటన్‌లో కెన్నెట్ అండ్ ఏవన్ కాలువ మన కాలువల్లాగే రైళ్లొచ్చాక పాడుబడింది. స్థానికులు, స్వచ్ఛంద సేవకులు దశాబ్దాల పాటు పనిచేసి దాన్ని బాగుచేశారు. 1990లో మళ్లీ తెరిచారు. దారిలో ఒక్క కేన్ హిల్ దగ్గరే వరసగా 29 లాకులు మెట్లలా ఉంటాయి. ఇప్పుడు అక్కడ తిరిగేవి ప్రధానంగా విహారపు పడవలు. వాటికి పెద్ద లాకు అక్కర్లేదు, పాతదే చాలు.

కోనసీమలో ఇలాంటిది ఊహించుకోవడం కష్టం కాదు. దిండిలో హౌస్‌బోట్లున్నాయి, కొబ్బరితోటల మధ్య కాలువలున్నాయి. అభ్యంతరాలూ ఉన్నాయి. వేసవి సెలవుల్లో జనం వచ్చే వేళకే మన కాలువలు కట్టేస్తారు. కాలువలో మురుగు ఆగకుండా విహారం సాగదు. బకింగ్‌హాం కాలువ వైపైతే పులికాట్ సరస్సు, అక్కడికి వచ్చే పక్షులు ఉన్నాయి. పూడిక తీస్తే, ఉప్పునీటి రాకపోకలు మారితే చేపల వేట మీద బతికే ఊళ్లు ఏమవుతాయన్న ప్రశ్నకి జవాబు పని మొదలుకాకముందే కావాలి.

ఎగువన కొత్తవి, దిగువన పాతవి

పోలవరం ప్రాజెక్టు డిజైన్‌లో ఎడమ వైపు పడవల కోసం కాలువ, సొరంగం, లాకులు ఉన్నాయి. గోదావరి మీద భద్రాచలం దాకా దారి తెగిపోకూడదని వాటిని పెట్టారు. అక్కడ లాకు దిగి వచ్చిన పడవ ధవళేశ్వరం చేరాక ముందుకెళ్లాలంటే మళ్లీ కాలువల తల దగ్గరున్న 19వ శతాబ్దపు లాకులే దిక్కు. కొత్త లాకులో పట్టే పడవ పాత లాకులో పట్టాలి కదా. ఎగువ కొలతలు ఒకరు, దిగువ కొలతలు ఇంకొకరు తీసుకుంటే రెండు చోట్లా ఖర్చు అవుతుంది, మధ్యలో సరుకు దించి ఎక్కించాల్సే వస్తుంది.

కాలం కూడా లెక్కలో పెట్టాలి. లాకు లోపల పొడిగా పని చేసుకోవడానికి మన ఇంజనీర్లకి దొరికేది ఏప్రిల్ మధ్య నుంచి జూన్ తొలి వారం దాకా, అదీ తాగునీటి చెరువులు నింపే పని అయ్యాక. సార్వా (ఖరీఫ్ వరి) నారుమళ్లకి నీరు వదిలే తేదీ ముంచుకొస్తే సగంలో ఉన్న పనినీ ఆపేయాల్సిందే. ఒక కాలువ మీద పది లాకులుంటే పది చోట్లా ఒకే వేసవిలో మనుషుల్ని, క్రేన్లని దింపాలి. లేకపోతే పది వేసవులు ఆగాలి.